ఆంధ్ర రుబాయీలు – పాఠవిచారము

ఉమర్ ఖయ్యాము రుబాయీలను తెలిగించినవారు మన భాషలో పలువురు కలరు. వారిలో పారసీకము నేర్చి మూలమును జేరినవారుగా మువ్వురు ప్రసిద్ధులు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) విజయనగరమున వెలసిన హరికథాపితామహులు. ఉమర్ అలీషాగారు (1885–1945) పిఠాపురమున వంశానుగతమైన గురుపీఠము నధిష్ఠించిన సూఫీగురువులు. దువ్వూరి రామిరెడ్డిగారు (1895–1947) ‘కృషీవలుడు’ వ్రాసిన నెల్లూరిసీమ కవి. జాతి, మతము, వృత్తి వేరైన మువ్వురు పండితులు ఒక్క పారసీకకవి యొద్దకు, ఇంచుమించుగా నొక్క కాలమున, తమతమ త్రోవల నడచి చేరుట మన సారస్వతచరిత్రలో సామాన్యవిషయము కాదు.

అయినను వీరి గ్రంథములను గూర్చి మనలో జరిగిన చర్చ చాలవరకు నొక్క ప్రశ్నచుట్టును దిరుగుచున్నది. ఖయ్యాము చెప్పిన మధువు లౌకికమైన ద్రాక్షారసమా, లేక బ్రహ్మానందమునకు సంకేతమా? అతడు భోగియా, యోగియా? ఈ ప్రశ్న యుచితమే. కాని యిది రెండవ ప్రశ్న. దీనికి ముందడుగవలసినది వేరొకటి కలదు. ఏ పాఠమును జూచి యీ యర్థము చెప్పుచున్నాము? ఆ పాఠము ఏ ప్రతిలోనిది? ఆ ప్రతి యేనాటిది? వేమన విషయమున నీ క్రమమును మనము పాటింతుము. చాటువుల విషయమునను, భారతభాగవతముల విషయమునను పాటింతుము. పారసీకమునుండి వచ్చినదానియెడ మాత్రము పాఠమును విడిచి పరమార్థమునకు బరుగెత్తుచున్నాము. ఈ వ్యత్యయమువలన మువ్వురు కవులకును అన్యాయము జరుగుచున్నదని చూపుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

భీమమండలమున పారసీకలిపి

పారసీకము మన గోదావరీమండలమునకు గ్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున 1324 నాటి మసీదునందు సాలారు ఉల్వీ పేర పారసీకశాసన మున్నది. ద్రాక్షారామమున సయ్యదు షా భాజీ ఔలియా సమాధి యున్నది. ఆ ఔలియాను గూర్చి స్థానికులు చెప్పుకొను కథను హెమింగ్వే 1907 నాటి గోదావరీమండల గెజిటీరున నెక్కించినాడు. పూర్వపు లెక్కలో గౌతమీ వసిష్ఠల నడిమి భూమియే కోనసీమ యగుటచే ద్రాక్షారామము ఆవలియొడ్డు; 2022 లో కోనసీమ పేర జిల్లా యేర్పడినపు డది యందు జేరినది. ఒక్క యూరిలో పంచారామములలో నొకటైన భీమేశ్వరాలయమును, ముసల్మానులు సేవించు దర్గాయును గలవు.

అయితే సారస్వతవిమర్శకులకు వీనికంటె విలువైన సాక్ష్యము ఆ క్షేత్రముమీద వెలసిన పురాణమునందే కలదు. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమును రాజమహేంద్రవర రెడ్డిరాజుల మంత్రియైన బెండపూడి అన్నయామాత్యున కంకిత మిచ్చెను. కృత్యాదియందు నతని బహుభాషాపాండిత్యమును వర్ణించుచు, అరబీ తురుష్కభాషలు మొదలుగా ననేకభాషల నెరిగినవాడని చెప్పి, అహమ్మదు అను ప్రభువు సన్నిధికి వేమభూపతి రాజ్యముయొక్క మేలుకోరి యతడు పారసీకమున లేఖ వ్రాయగా, కాగితముపై నిలిచిన యా యక్షరముల తీరు చూపులకు పండుగ చేయునని శ్లాఘించెను. ఆ యహమ్మదు బహమనీ సుల్తాను అహమ్మదుషా (1422–1436) అని చరిత్రకారులు గుర్తింతురు.

ఈ పద్యమును మనవారు రాజనీతికి సాక్ష్యముగా నుదాహరింతురు. కాగితపు వాడుకకు సాక్ష్యముగా నుదాహరింతురు. రెండును సరియే. కాని దీనిలోని సారస్వతవిశేషము వేరు. కవి యిట మెచ్చినది లేఖయొక్క యర్థమును గాదు, శైలిని గాదు. అక్షరముల యాకారమును, వరుసను. శ్రీనాథు డా లేఖను జదువగలిగెనో లేదో చెప్పనక్కరలేదు. అక్షరరూపమే యొక కళయని యతడు గుర్తించెను. శివక్షేత్రమాహాత్మ్యమును జెప్పు పురాణపు మొదట నింత ముచ్చటగా పరలిపిని బ్రశంసించుటకు అతనికి సంకోచము కలుగలేదు. మన విమర్శ కిదియే మార్గదర్శకము. మొదట లిపి, పిదప మాట, అటుపిమ్మట మర్మము.

తాటియాకు, కాగితము

మన లేఖకుడు గంటముతో తాటియాకుపై గీసెను. గీచిన గీతలో మసి నింపినప్పుడే యక్షరము కనబడును. గంటపుగీత అంతటను నొక్కటే సన్నము. ఈనెవెంబడి నిడుపుగీత గీచిన నాకు చీలునన్న భయముచే నక్షరము గుండ్రదన మొందెనని యందురు. ఇట్టి లేఖనమున లేఖకునకు గీర్తి లేదు. గ్రంథాంతమున తప్పులను మన్నింపుమని వేడుకొని తప్పుకొనుటయే వాని యాచారము.

పారసీకుల మార్గము వేరు. వారి కలము రెల్లుపుల్ల. దాని ములుకు నేటవాలుగా జెక్కుదురు. కలమును ద్రిప్పినకొలది గీత లావెక్కును, సన్నగిలును. ఆ ములుకుతో బెట్టిన చతురస్రపు జుక్కయే వారికి గొలమానము. ఒక్కొక్క యక్షరము ఇన్ని చుక్కల పొడవు, ఇన్ని చుక్కల వెడల్పు అని లెక్క కలదు. వారి దేశమున లేఖకుడు కవితో సమానముగా బేరొందును; గురుశిష్యపరంపర కలవాడగును. 13 వ శతాబ్దమున బాగ్దాదులోని యాకూతు, 14 వ శతాబ్దాంతమున నస్తాలీకు లిపికి రూపు దిద్దెనని చెప్పబడు మీర్ అలీ తబ్రీజీ నేటికిని గురువులుగా నెన్నబడుదురు.

ఈ చుక్క కొలమానము మాత్రమే కాదు, అర్థభేదకము కూడ. ఒక్క యాకృతిపై జుక్క పైనున్న ‘ఖుదా’, అనగా భగవంతుడు. క్రిందనున్న ‘జుదా’, అనగా వేరైనవాడు. చుక్క చోటు మారిన మాత్రమున దేవుడు వియోగి యగును. సూఫీలు దీనిని బోధకు వాడుకొనిరి. పాఠవిమర్శకుడు దీనినే లేఖకదోషమునకు మూలముగా జూచును. ఇద్దరు చూచినదియు నొక్క చుక్కనే.

ఇంకొక విశేషము. పారసీకలిపిలో హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయరు. గకారలకారములు మాత్రమే వ్రాసిన మాటను ‘గుల్’ అని చదివిన గులాబి, ‘గిల్’ అని చదివిన మట్టి. ఖయ్యాము పేర నున్న రుబాయీలలో కుమ్మరిసారె, కుండ, త్రొక్కబడు మట్టి ఎంత ముఖ్యములో, తోటయు బూవులు నంత ముఖ్యములు. చనిపోయినవాడు మట్టియగుట, ఆ మట్టినుండి పూవు లేచుట యనునది యచ్చట మరలమరల వచ్చు భావము. కంటి కొక్కటిగా గనబడు నక్షరములు చెవికి రెండై వినబడుట యీ భావమున కెంత పుష్టి నిచ్చునో మూలలిపి నెరిగినవానికే తెలియును. ఇంగ్లీషున రెండును వేర్వేరు మాటలు, తెలుగునను వేర్వేరు. కావున అనువాదకుని సామర్థ్యమును బరీక్షింపదలచినవాడు మొదట నిట్టి తావులను వెదకవలెను. ‘ఇచట మద్యమన నేమి’ అని యడుగుటకు ముందు ‘ఇచట మూలమున నున్న మాట యేది’ అని యడుగవలెను.

ముక్తకములు, ప్రక్షిప్తములు

రుబాయీ ముక్తకము. ఒక పద్యమునకు మరియొక పద్యముతో సంబంధ ముండ నక్కరలేదు. ముక్తకమునకు గలుగు నాపద మనకు దెలియనిది కాదు. రసవంతమైన పద్యము కర్తృనామము జారవిడుచుకొని ప్రసిద్ధుడైన కవియొక్క పంచను జేరును. శ్రీనాథుని పేర నెన్ని చాటువులు చెలామణి యగుచున్నవి! వేమన పద్యములను బ్రౌనుదొర 1829 లో ముద్రించినపుడు 693 ఉండెను. 1839 లో 1164 ఆయెను. పది సంవత్సరములలో వేమన మరల బుట్టి వ్రాయలేదుగదా. ప్రతులు పెరిగెను, వానితోడ పద్యములును బెరిగెను.

ఖయ్యాము చరిత్రయు నిట్టిదే. అతడు నిషాపురమున 1048 లో బుట్టి 1131 లో మరణించెనని నిర్ణయము. బీజగణితమున గ్రంథము వ్రాసినాడు. 1079 నాటి జలాలీ పంచాంగసంస్కరణమున బాల్గొన్నాడు. సమకాలికు లతనిని గణితజ్ఞుడుగా, తత్త్వవేత్తగా నెరుగుదురు. ఆక్స్‌ఫర్డు బాడ్లియను గ్రంథాలయములోని ఔస్లీ 140 సంఖ్యగల ప్రతి షీరాజునందు హిజరీ 865 లో, అనగా 1460–61 లో వ్రాయబడినది. దానిలో 158 రుబాయీలు కలవు. దళమైన పసుపుపచ్చని కాగితము, ఊదాఛాయగల నల్లని సిరా, పైని జల్లిన బంగారుపొడి, చూడముచ్చటయైన ప్రతి. కాని కవి మరణమునకును దీనికిని నడుమ మూడు వందల సంవత్సరములకు బైగా గడచినవి. కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో దొరకిన ప్రతిలో 516 పద్యములు. 1897 లో రష్యాపండితుడు జుకోవ్‌స్కీ వీనిలో 82 రుబాయీలు ఇతరకవుల దివానులలో గనబడుచున్నవని చూపి, వానికి ‘తిరుగాడు రుబాయీలు’ అని పేరు పెట్టెను. 1942 లో ఇరానుపండితుడు ఫురూగీ వడపోసి 178 మాత్రమే స్వీకరించెను.

ప్రతులయందు రుబాయీలు ప్రాయికముగా నంత్యప్రాసాక్షరము ననుసరించి యకారాదిక్రమమున నుండును. వేమన ముద్రణములు పెక్కులు పద్యపు మొదటి యక్షరమును బట్టి యకారాదిగా గూర్చబడుట మన మెరుగుదుము. అక్షరక్రమ మున్నచోట క్రొత్తపద్య మేవైపునుండి వచ్చి చేరినను పొరుగువానికి దెలియదు. కథాక్రమ మున్నచోట నది బయటపడును. కావున ప్రక్షిప్తమునకు అక్షరక్రమముకంటె అనుకూలమైన యిల్లు లేదు.

ఫిట్జెరాల్డు 1859 లో 75 పద్యములుగా ఇంగ్లీషున రచించినపుడు ఈ యక్షరక్రమమును విడిచి, తెల్లవారుటతో మొదలై చంద్రోదయముతో ముగియు నొక దినచర్యగా వానిని మలచెను. ఆ కావ్యమున కంతటి యందము తెచ్చినది ఆ క్రమమే. అది మూలమున లేనిదియు నదియే. హెరన్ ఆలెను 1899 లో దాని నాల్గవ ముద్రణమందలి 101 పద్యములను మూలములతో బోల్చి, 49 మాత్రమే యొక్కొక్క రుబాయీకి సరియైన యనుసరణములనియు, 44 పెక్కురుబాయీల కలగలుపులనియు దేల్చెను. మిగిలినవానిలో రెండు సూఫీకవి అత్తారునుండి బుట్టినవనియు, రెండింటిపై హాఫిజు ప్రభావము గలదనియు జూపెను. అనగా ఇంగ్లీషు ఖయ్యామును జదివి ‘ఇచట సూఫీభావ మున్నది’ అని చెప్పువాడు కొన్నిచోట్ల నిజమే చెప్పుచున్నాడు. కాని యా భావము ఖయ్యామునిది కాదు, అత్తారుది.

పాఠవిచారము లేనిచో గలుగు నష్టము మహాపండితులకును దప్పలేదు. 1259–60 నాటిదని చెప్పబడిన ప్రతిని ఆర్బెరీ 1949 లో ప్రకటించెను. 1207 నాటిదని చెప్పబడిన మరియొక ప్రతినుండి 1952 లో ఇంగ్లీషు చేసెను. రెండును ఆధునికుల కూటసృష్టులని పిదప దేలినది. 1967 లో ఇంగ్లీషుకవి గ్రేవ్స్, ఒమర్ అలీషా అను నతడు కలిసి తమ కుటుంబమున 12 వ శతాబ్దపు ప్రతి యున్నదను వాదముతో మరియొక యనువాదమును బ్రకటించిరి. ఆ ప్రతిని ఎవరికిని జూపలేదు. దాని పద్యక్రమము హెరన్ ఆలెను పట్టికనుండి వచ్చినదని పండితులు బయటపెట్టిరి. ఈ ఒమర్ అలీషా వేరు, మన పిఠాపురపు ఉమర్ అలీషాగారు వేరు. మనవారు 1945 లోనే పరమపదించిరి. నామసామ్యముచే నా యపవాదమును మనవారి గ్రంథమున కంటగట్టకుండ పట్టికలు కూర్చువారును, బోధించువారును జాగరూకులై యుండవలెను.

ఛందోవిచారము

పాఠము తరువాత ఛందస్సు. రుబాయీపాదమునకు ఇరువది మాత్రలు. నాలుగు పాదములకు 80. ఒకటి, రెండు, నాలుగు పాదముల కంత్యప్రాస. మూడవపాదము సాధారణముగా విడిపోవును. ఈ విడుపులోనే రుబాయీ బలమున్నది. మొదటి రెండుపాదములు కట్టిన కట్టు మూడవపాదమున సడలును. చదువరి యేమరియుండగా నాల్గవపాద మదే ప్రాసతో దెబ్బ కొట్టును.

మన ఉత్పలమాలకు పాదమున 28 మాత్రలు, పద్యమున 112. రుబాయీలోని భావమును ఉత్పలమాలలో బెట్టినవానికి 32 మాత్రలు మిగులును. వానిని విశేషణములతోనో, రూపకములతోనో, సంబోధనముతోనో నింపవలెను. కందమునకు 64 మాత్రలే. ఆటవెలదికి 64 మొదలు 68 వరకు. తేటగీతికి 68 మొదలు 76 వరకు. కావున కొలతనుబట్టి చూచిన రుబాయీకి మిక్కిలి దగ్గరిది తేటగీతి. అదియు నించుక యిరుకే. వృత్తమున బెట్టినవాడు పెంచవలెను, జాతి యుపజాతులలో బెట్టినవాడు కుదింపవలెను. పెంచుటయు దోషము కాదు, కుదించుటయు దోషము కాదు; కాని యే మాట పెంపువలన వచ్చినదో తెలిసికొనక, ఆ పెంచినమాటను బట్టి ఖయ్యాము మతమును నిర్ణయించుట దోషము.

రామిరెడ్డిగారి ‘పానశాల’లో జనుల నోట నిలిచిన పద్యములు వృత్తములు. లోకము పాతబడిన బస యను భావముగల రుబాయీని వారు తెలిగించినతీరు మన కందరకును దెలిసినదే. మూలమున ‘రిబాత్’ అను మాట కలదు. అది బాటసారుల విడిది. సూఫీల మఠమునకును ఆ పేరు కలదు. రామిరెడ్డిగారు పాంథశాల యను నర్థమునే గ్రహించిరి. తరువాతి పాదములలో రాజులు వచ్చి విడిసి పోవుటయే చెప్పబడినది గాన నిది యుచితమైన నిర్ణయము. వృత్తము వారికిచ్చిన యెడమును వారు ధారకు వినియోగించిరి; అందుచే పానశాల స్వతంత్రకావ్యమువలె బ్రవహించినది. పోయినది మూడవపాదపు సడలింపు. మన వృత్తమున బ్రాస నాలుగు పాదములకును రెండవయక్షరమున సమముగా నిలుచును. అర్థము పాదముదాటి పారును. కావున నాల్గవపాదపు దెబ్బ తెలుగున తరగయై విరిగినది. ఇది రామిరెడ్డిగారి కొరత గాదు, వృత్తముయొక్క స్వభావము.

నారాయణదాసుగారి మార్గ మిందులకు భిన్నము. 1932 లో వెలువడిన గ్రంథమున వారు పారసీకమూలమును, ఫిట్జెరాల్డు ఇంగ్లీషును దగ్గరదగ్గర నుంచి, రెంటికిని సంస్కృతమునను, అచ్చతెలుగునను అనువాదములు రచించిరి. మూలమునకును ఇంగ్లీషునకును గల దూరము చదువరి తానే కొలుచుకొనునట్లు చేసిరి. ఆ కాలమున నంతకంటె నిజాయితీగల పాఠవిమర్శ తెలుగున రుబాయీలకు జరుగలేదు. అందును నొక విశేషమున్నది. అచ్చతెలుగున తత్సమములకు జోటులేదు. బ్రహ్మము, మోక్షము, జీవాత్మ వంటి పారిభాషికపదము లచ్చట నడుగుపెట్టజాలవు. అందుచే దాసుగారి యచ్చతెలుగు ఖయ్యాము వేదాంతపరిభాషనుండి తనంత దాను దప్పించుకొనెను. ఆ ప్రక్కనే సంస్కృతశ్లోకము శాస్త్రవాసనతో నిలిచినది. ఒక్క రుబాయీ రెండు వస్త్రములు ధరించి నిలిచినపుడు, దేహ మేదో వస్త్ర మేదో మనకు దెలియును. ఈ గ్రంథమును పాండిత్యచమత్కారమని మెచ్చి విడిచిపెట్టుట మన మలసత్వము. ఇది పాఠశాలలో నుంచదగిన పరీక్షాసాధనము.

అర్థవిచారము

ఇపుడు రెండవ ప్రశ్నకు రావచ్చును. ఖయ్యాము సూఫీయా? ఈ వివాదము మనదేశమున బుట్టినది కాదు. 1867 లో ఫ్రెంచివాడు నికొలా రుబాయీలను బ్రకటించుచు నవి సూఫీసంకేతములని వాదించెను. 1868 లో ఫిట్జెరాల్డు రెండవ ముద్రణపు పీఠికయందు దానిని నిరాకరించెను. ఆ పీఠికలనుండియే యీ ప్రశ్న మన పీఠికలలోనికి దిగినది.

ప్రాచీనసాక్ష్యము మరియొకటి చెప్పుచున్నది. 13 వ శతాబ్దపు మొదటిపాదమున నజ్ముద్దీన్ రాజీ అను సూఫీగురువు ‘మిర్సాదుల్ ఇబాద్’ అను గ్రంథమున ఖయ్యాము పేర రెండు రుబాయీల నుదాహరించెను. ఎందుల కుదాహరించెను? మెచ్చుటకు గాదు, దారితప్పిన తత్త్వవేత్తల కుదాహరణముగా, ఖండించుటకు. ఆ శతాబ్దముననే కిఫ్తీ యను చరిత్రకారుడు, తరువాతి సూఫీలు ఖయ్యాము పద్యముల పైయర్థమును దమ మార్గమునకు మలచుకొనిరనియు, లోపల నవి ధర్మశాస్త్రమునకు సర్పములవంటివనియు వ్రాసెను. కావున సూఫీవ్యాఖ్యానము ప్రాచీనమే. కాని యది వ్యాఖ్యానము, మూలము గాదు. దూషించినవారును సూఫీలే, స్వీకరించినవారును సూఫీలే.

సూఫీసంకేతమునకు దానిదైన శాస్త్ర మున్నది. మహమూదు షబిస్తరీ 1317 ప్రాంతమున ‘గుల్షనే రాజ్’ రచించి, కన్ను, కురులు, మధువు, పానశాల, విగ్రహము, జందెము మొదలైన మాటల రహస్యార్థమును ప్రశ్నోత్తరములుగా జెప్పెను. మన యలంకారశాస్త్రమువలె నదియు గురుముఖమున నేర్వదగినది. దానిని విడిచి, ‘ఫనా యనగా లయము, ముర్షిదనగా గురువు, ఇష్కనగా భక్తి’ అని సమీకరణములు వ్రాసి మనము తృప్తి నొందుచున్నాము. ఫనాతో సూఫీమార్గము ముగియదు. దానిపిమ్మట ‘బకా’ కలదు. అనగా అహంకారము నశించినవాడు భగవంతునియందు నిలుకడ గాంచి లోకవ్యవహారమున దిరిగి ప్రవర్తించుట. ఫనాను లయమన్నవాడు బకాను మరచును. పోలిక తలుపు వంటిది. లోనికి బోవుటకు దెరవవలెనే కాని, దానిముందే నిలిచి యిల్లు చూచితి ననరాదు.

ఇచ్చట ఉమర్ అలీషాగారి స్థానము విలక్షణము. వారు సూఫీవేదాంతములు రెంటను గృషిచేసినవారు. ‘సూఫీ వేదాంత దర్శము’ అను పేరే వారి సమన్వయదృష్టిని దెలుపును. ‘అనసూయ’ మొదలగు నాటకములు వ్రాసిరి. పారసీకమునుండి ఖయ్యామును దెలిగించిరి. వారిని గూర్చి మనము పలుకు ప్రశంస ‘హిందూ మహమ్మదీయ సామరస్యము’ అను రెండుమాటలతో ముగియుచున్నది. సామరస్యము సత్యమే. కాని దానిచే విమర్శకుడు చేయవలసిన పని తీరునా? వంశానుగతముగా సూఫీబోధ చేయు గురువు, సూఫీగురువే యొకడు ఏడువందలేండ్లకు బూర్వము దూషించిన కవిని జేపట్టి, తన శిష్యులు చదువు భాషలోనికి దెచ్చుట యెంతటి సాహసము! రాజీ విషమన్నదానిని అలీషాగారు మందుగా నెట్లు మార్చిరి? ఏ రుబాయీల నేరుకొనిరి, వేనిని విడిచిరి? నిరాశను బలుకు రుబాయీని దెలిగించునపుడు గురువు గెలిచెనా, కవి గెలిచెనా? ఇవియే వారి గ్రంథమున కడుగదగిన ప్రశ్నలు. వీనికి సమాధానము సామరస్యమను మాటలో లేదు. పారసీకపాఠమును ప్రక్కనుంచుకొని పద్యముపద్యమును బోల్చుటలో నున్నది. వారిని సామరస్యమునకు బ్రతిమగా నిలిపి పూజించుట సులభము. కవిగా జదువుట కష్టము. వారు కోరదగిన గౌరవ మదియే.

పండితులకు విన్నపము

పాఠమును వెదకక పేరును మాత్రము నిలుపుకొన్నదానికి మరియొక నిదర్శనము కలదు. గోలకొండలో తానాషాకు గురువైన షారాజు కుమారుడు అక్బర్‌షా తెలుగున ‘శృంగారమంజరి’ యను నాయికానాయకలక్షణగ్రంథమును రచించెను. దానికి సంస్కృతరూప మేర్పడెను. దానినుండి చింతామణికవి వ్రజభాషలో జేసెను. సంస్కృతగ్రంథమును 1951 లో రాఘవన్ పండితుడు పరిష్కరించి ముద్రింపగా లోకమునకు దెలిసినది. సూఫీ తెలుగున వ్రాసినదానిని తెలుగువారము సంస్కృతముద్వారా యెరుగవలసివచ్చినది.

మన సీమకు పాఠసంగ్రహణమున వెనుకబడిన కీర్తి లేదు. ఆంధ్రసాహిత్యపరిషత్తును 1911 లో స్థాపించిన జయంతి రామయ్యపంతులుగారు కోనసీమ ముక్తేశ్వరమువారు. తాటియాకుల పెట్టెలు వెదకి, పాఠభేదములు గుర్తించి, ప్రతికి బ్రతిని బోల్చి గ్రంథములను నిలిపిన శ్రద్ధ వారిది. ఆ శ్రద్ధయే పారసీక, ఉరుదూ ప్రతులయెడను, ఆంధ్ర రుబాయీల తొలిముద్రణములయెడను మనము చూపవలెను. ఇందులకు మూడుపనులు చాలును. మొదటిది, మూడు తెలుగు ఖయ్యాములలోని పద్యములకును బాడ్లియను, కలకత్తా ప్రతులలోని రుబాయీలకును గల సంబంధమును దెలుపు నొక పట్టిక. రెండవది, ఏ పద్యము మూలానుసారి, ఏది ఇంగ్లీషు ననుసరించినది, ఏది కవి స్వతంత్రకల్పన యని సంజ్ఞలతో గూడిన పరిష్కరణము. మూడవది, సాకీ, ఖరాబాత్, రిబాత్, ఫనా, బకా మొదలగు మాటలకు వేదాంతపర్యాయములు గాక, వాని శాస్త్రముననుసరించిన వివరణ.

ఇవి జరిగిన పిమ్మట మధువు ద్రాక్షారసమో బ్రహ్మరసమో వాదింతము. అపుడా వాదమునకు భూమిక యుండును. ఇపుడు వాదించువారు ఖయ్యామును గూర్చి వాదించుట లేదు. ఒకరు ఫిట్జెరాల్డును, ఒకరు నికొలాను, మరియొకరు తమ గురువును సమర్థించుకొనుచున్నారు. భీమమండలపు మంత్రి పరలిపిని స్వహస్తముతో వ్రాయ నేర్చెను. ఆ మండలపు కవి యా లిపి సౌందర్యమును నోరార బొగడెను. వారి వెనుకటివారమైన మనము కనీస మా లిపి చదువుటకైనను బూనుకొందుము గాక.